బార్కస్ మజిలీ, నిత్యమైన ఇల్లు



మంచం పట్టినవారిని చూడడానికి వెళ్ళినప్పుడు ఇంటివారు మమ్మల్ని గుమ్మం దగ్గరే ఆపి ఒక మాట చెబుతుంటారు. "పాస్టరుగారూ, ఆయన ముందు చావు సంగతి ఎత్తకండి. బాగవుతాడనే ప్రార్థన చేయండి." వారి ప్రేమ మాకు అర్థమవుతుంది. స్వస్థత కోసం తప్పక ప్రార్థిస్తాము. అయితే లోపలికి వెళ్ళి కూర్చున్నాక, ఆ రోగి కళ్ళలో ఎన్నో ప్రశ్నలు కనబడతాయి. అడగాలని ఆయనకు ఉంటుంది, చెప్పాలని మాకు ఉంటుంది. మధ్యలో ఇల్లంతా భయపడుతూ నిలబడి ఉంటుంది. మరణం గురించి మాట్లాడితే అశుభమన్న భయం క్రైస్తవ గృహాలను కూడా ఇంకా విడిచిపోలేదు.

అందుకే ఈసారి మరణానికీ నిత్యత్వానికీ సిద్ధపడడమనే అంశాన్ని మన హైదరాబాదు చరిత్రలో నుండి ధ్యానిద్దాము. చరిత్రలో చనిపోయినవారి గురించి మాట్లాడితే ఎవరూ అశుభమనరు కదా!

కల్వకుర్తి, ఆమనగల్లు వైపు పల్లెల నుండి శ్రీశైలం రోడ్డు మీదుగా పట్నం వెళ్ళేవారికి పహాడీ షరీఫ్ దాటాక, చాంద్రాయణగుట్ట చేరకముందు బార్కస్ వస్తుంది. జామపండ్ల బండ్లకు, అరబ్బుల వంటకాలకు పేరున్న చోటు. మనలో చాలామంది ఆ పేరు విన్నవారే గాని, ఆ పేరెలా వచ్చిందో ఆలోచించినవారు తక్కువ.

"బ్యారక్స్" అనే మాట జనం నోట తిరిగి తిరిగి "బార్కస్" అయింది. బ్యారక్స్ అంటే సైనికుల బస. నిజాం ప్రభువుల కొలువులో పనిచేసిన అరబ్బు సిపాయిలు అక్కడ ఉండేవారు. వారిని ఇక్కడివారు చావుష్‌లు అని కూడా పిలిచారు. అది టర్కీ భాషలో సైన్యంలోని ఒక హోదా పేరు. ఊరికి సైనికుల బస పేరు, మనుషులకు సైనిక హోదా పేరు. నమ్మకమైన కావలివారని వారికి పేరుండేది. అక్కడివారి విశ్వాసం వేరైనా వారు మన పొరుగువారు. వారి పెద్దల చరిత్రను గౌరవంతో చదివితే మనకూ నేర్చుకోవలసింది ఉంది.

ఆ సిపాయిలు ఎక్కువమంది ఎక్కడినుండి వచ్చారు? అరేబియాకు దక్షిణాన, నేటి యెమెను దేశంలో ఉన్న హద్రమౌత్ అనే ప్రాంతం నుండి. ఆ పేరు మన బైబిలులో కూడా ఉంది. ఆదికాండము 10:26 తెరవండి. షేము వంశంలో పుట్టిన యొక్తాను కుమారుల వరుసలో హసర్మావెతు అనే పేరు కనబడుతుంది. 1 దినవృత్తాంతములు 1:20లో అదే పేరు మళ్ళీ వస్తుంది. హసర్మావెతు అంటే హద్రమౌత్ ప్రాంతమేనని బైబిలు పండితులు సాధారణంగా చెబుతారు. హెబ్రీ భాషలో ఆ పేరును విడదీసి చదివితే "మరణపు ఆవరణము" అనే అర్థం వస్తుంది. అరబ్బులు కూడా తమ భాషలో ఆ పేరును "మరణం వచ్చింది" అని విడదీసి చెప్పుకుంటారు. "మౌత్" అంటే చావు అని హైదరాబాదు ఉర్దూ విన్న ప్రతివారికీ తెలుసు.

మరణం పేరు మోసిన దేశం నుండి బయలుదేరి, తాత్కాలిక బస అని పేరున్న చోట దిగినవారి చరిత్ర బార్కస్ చరిత్ర. ప్రియులారా, ఒక్క క్షణం ఆలోచించండి. ఇది మనందరి చరిత్ర కూడా కాదా? ఆదామునుండి మరణపు ఆవరణలో పుట్టాము. ఈ లోకమనే బసలో కొంతకాలం దిగి ఉన్నాము. పిలుపు వచ్చేవరకే ఇక్కడ ఉంటాము.

సైనికుని బసలో గోడ ఉంటుంది, కప్పు ఉంటుంది, పొయ్యి ఉంటుంది. చూడడానికి ఇల్లులాగే ఉంటుంది. అయినా అది అతని ఇల్లు కాదు. ఎన్నాళ్ళు ఉండాలో నిర్ణయించేది అతను కాదు. ఆజ్ఞ రాగానే మూట సర్దుకొని లేవాలి.

అపొస్తలుడైన పౌలుకు ఈ సంగతి బాగా తెలుసు. ఆయన గుడారాలు కుట్టే పనివాడని అపొస్తలుల కార్యములు 18:3 చెబుతుంది. తన మరణం దగ్గరపడిందని తిమోతికి రాసినప్పుడు (2 తిమోతి 4:6) ఆయన వాడిన గ్రీకు మాటకు "విప్పుకొని బయలుదేరడం" అని అర్థం. ఓడను కట్టిన తాళ్ళు విప్పడానికి ఆ మాట వాడేవారు. ఫిలిప్పీయులకు 1:23లో అదే మాటకు చెందిన క్రియాపదం ఉంది. సైన్యం గుడారాలు విప్పుకొని కదిలిపోవడానికి కూడా దానిని వాడేవారు. పౌలు దృష్టిలో మరణం అంటే కూలిపోవడం కాదు, మజిలీ ఎత్తివేసి ఇంటికి కదలడం. 2 కొరింథీయులకు 5వ అధ్యాయం మొదట్లో కూడా ఇదే బోధ. ఇక్కడున్నది గుడారం, అక్కడున్నది దేవుడు కట్టిన నివాసం.

అయితే బసలో ఉన్నామని తెలిసినంత మాత్రాన సిద్ధపడినట్టు కాదు. బసలో ఉన్న రోజుల్లో ఏం చేశామన్నది ముఖ్యం. దీనికి హైదరాబాదు చరిత్రే మనకు ఉదాహరణలు ఇస్తుంది.

మొదటిది. పంతొమ్మిదో శతాబ్దంలో హద్రమౌత్ నుండి వచ్చి నిజాం కొలువులో జమాదారుగా ఎదిగినవాడు ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఐతీ. ఇక్కడ ఆయన కుటుంబం గొప్ప ధనం సంపాదించింది. ఆ ధనాన్ని వారు ఇక్కడే ఖర్చు చేసి ఊరుకోలేదు. సముద్రం అవతల స్వదేశానికి పంపారు. ఆ ధనబలంతో ఆయన కుమారులు హద్రమౌత్‌లో పట్టణాలను, ఓడరేవులను స్వాధీనం చేసుకొని ఒక రాజ్యాన్నే స్థాపించారు. షిహ్ర్, ముకల్లా పట్టణాలు వారి చేతికి వచ్చాయి. ఇక్కడ కొలువు చేసిన ఇంటివారు అక్కడ సుల్తానులయ్యారు!

ఇది చదివినప్పుడు ప్రభువు మత్తయి 6:19-21లో చెప్పిన ఉపదేశం మన మనస్సులో మెదలాలి. మజిలీలో ఉన్నవాడు తెలివైనవాడైతే తన సంపాదనను తాను వెళ్ళబోయే దేశానికి ముందే పంపుకుంటాడు. మన ధనం ఏ వైపు ప్రయాణం చేస్తున్నదో చూస్తే మన ఇల్లు ఎక్కడ ఉన్నదని మనం నమ్ముతున్నామో తెలిసిపోతుంది. అయితే ఆ కథకు ముగింపు కూడా వినండి. ఆ రాజ్యం 1967లో ముగిసింది. దక్షిణ యెమెను కొత్త దేశంగా ఏర్పడినప్పుడు సుల్తానుల పాలన పోయింది. స్వదేశానికి పంపినదైనా, భూమి మీద దాచినది భూమితోనే పోతుంది. చిమ్మెట, తుప్పు, దొంగ అని ప్రభువు చెప్పిన మూడింటి పక్కన కాలం అనే నాలుగోదాన్ని చరిత్ర చూపిస్తుంది.

రెండవది. బార్కస్ నుండి కొంత దూరంలో, సరూర్‌నగర్ వైపు ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఒక నల్లరాతి స్తంభం ఉంది. అది ఫ్రెంచి సేనాని రేమండ్ సమాధి. 1755లో ఫ్రాన్సులో పుట్టి, మన దేశానికి వచ్చి, రెండవ నిజాం కొలువులో చేరి, వేలాది సిపాయిలకు ఫ్రెంచి పద్ధతిలో శిక్షణ ఇచ్చాడు. ఫిరంగులు పోత పోయించాడు. జనం అతన్ని ఎంత ప్రేమించారంటే, ముస్లిములు మూసా రహీం అని, హిందువులు మూసా రాం అని పిలుచుకున్నారు. నేటి మూసారాంబాగ్ పేరు అతని పేరే.

1798 మార్చి 25న రేమండ్ చనిపోయాడు.  తరువాత ఏమైంది? అదే సంవత్సరం సెప్టెంబరులో నిజాం ఆంగ్లేయులతో ఒడంబడిక చేసుకున్నాడు. అక్టోబరులో రేమండ్ నిలబెట్టిన సైన్యం చేతిలోని ఆయుధాలు తీసేసి దాన్ని రద్దు చేశారు. ఒక మనిషి తన యవ్వనమంతా పోసి కట్టినది, అతడు పోయిన ఏడు నెలల్లో లేకుండా పోయింది. రాతి స్తంభం నిలిచింది, పేరు ఒక పేటకు నిలిచింది. పని నిలవలేదు. రేమండ్ ఆత్మ స్థితిని మేము తీర్పు తీర్చడం లేదు. అది దేవుని చేతిలోని సంగతి. అయితే ఆ సమాధి ప్రతివానినీ అడిగే ప్రశ్న ఒకటుంది. నీవు వెళ్ళిన తరువాత నీ పనిలో అగ్నికి నిలిచేది ఎంత? 1 కొరింథీయులకు 3:12-15లో పౌలు లేవనెత్తిన సంగతి అదే.

మూడవది. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాదును ముంచెత్తింది. సుమారు 15,000 మంది ప్రాణాలు కోల్పోయారని చెబుతారు. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి కొట్టుకుపోయింది. దాని ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది వరకు ప్రాణాలు దక్కించుకున్నారు. నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టును పెద్దలు ఇప్పటికీ చూపిస్తారు. ముందు రోజు వారిలో ఎవరూ మరణం గురించి ఆలోచించి ఉండరు. పెళ్ళి మాటలు, బాకీ వసూళ్ళు, వంటలు, ఇలాంటివే అన్ని ఇళ్ళలో జరిగి ఉంటాయి.

ఆ చనిపోయినవారు మనకంటే పాపులా? కాదు. సిలోయములో గోపురం కూలి పదునెనిమిది మంది చనిపోయిన సంగతి ఎత్తినప్పుడు ప్రభువు ఇదే ప్రశ్న అడిగి, కాదని తానే జవాబిచ్చాడు (లూకా 13:4-5). వారిని గురించి తీర్పు చెప్పడం మాని, మీరు మారుమనస్సు పొందండి అన్నాడు. ఇతరుల మరణాన్ని చూసి కారణాలు వెదకడం మనకు అలవాటు. ప్రభువు ఆ వేలిని మన వైపు తిప్పుతాడు. నది చీటీ పంపి రాదు. ఆఖరి రోజున సిద్ధపడదాములే అనుకునేవారికి, అది ఆఖరి రోజని ఎవరు చెబుతారు?

నాలుగవది బార్కస్ చరిత్రలోనే ఉంది. తరతరాలు నిజాం కొలువే జీవనాధారమైన ఆ అరబ్బు కుటుంబాలకు ఆ కొలువు ఎన్ని రోజుల్లో పోయింది? 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. అయిదు రోజులు! కాపలా కాయడానికి ఇక ప్రభువు ఖజానా లేదు. కొందరు సముద్రం దాటి వెళ్ళిపోయారు. చాలామంది ఇక్కడే ఉండిపోయి, తోటలు, వ్యాపారాలు, తరువాత గల్ఫ్ ఉద్యోగాలతో బ్రతుకు దిద్దుకున్నారు. ఏ రాజు కొలువైనా ఒక రోజు ముగుస్తుంది. ముగియని కొలువు ఒక్కటే, మరణాన్ని జయించి లేచిన రాజు కొలువు.

ఇప్పుడు ఆ రాజు కొలువులో ఉన్నవారు ఎలా సిద్ధపడ్డారో చూద్దాము.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874లో తిరునెల్వేలి ప్రాంతంలో పుట్టారు. తమిళుడైనా తెలుగువారి కోసం 1909లో నిజాం రాజ్యంలోని డోర్నకల్ వచ్చారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు అయ్యారు. ఎడ్లబండి మీద పల్లె పల్లె తిరిగారు. లోకం చిన్నచూపు చూసిన మాల మాదిగ పేటల్లో సంఘాలు కట్టారు. వేరు వేరు సంఘాలు క్రీస్తులో ఒక్కటి కావాలన్నది ఆయన జీవితకాలపు భారం. 1919లో తరంగంబాడిలో ఆ సంభాషణలు మొదలైనప్పటి నుండి ఆయన అందులో ఉన్నారు. ఆ ఐక్యతను కళ్ళతో చూడకుండానే 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించారు. డోర్నకల్ దేవాలయం పక్కనే ఆయనను సమాధి చేశారు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఆవిర్భవించింది.

రేమండ్ పని అతడు పోయిన ఏడు నెలల్లో రద్దయింది. అజరయ్య గారి ప్రార్థన ఆయన పోయిన రెండు సంవత్సరాల తొమ్మిది నెలలకు నెరవేరింది. ఒకరు తనకే వేతనమిచ్చే రాజు కోసం కట్టారు, మరొకరు తాను లేకపోయినా కట్టుకోగల ప్రభువు చేతికి అప్పగించారు. హెబ్రీయులకు 11:13 చెప్పే విశ్వాసుల వరుసలో నిలిచినవారు ఇలాగే పోతారు. వాగ్దానాన్ని దూరం నుండి చూసి, నమస్కరించి, కళ్ళు మూస్తారు. నేను పోతే ఈ పని ఏమవుతుందో అన్న భయం సేవకులకూ తల్లిదండ్రులకూ ఎక్కువ. సిద్ధపాటులో పెద్ద భాగం, పూర్తికాని పనిని ప్రభువు చేతిలో పెట్టడం నేర్చుకోవడమే.

మరొకరు భక్త్ సింగ్ గారు. 1903 జూన్ 6న పంజాబులో సిక్కు కుటుంబంలో పుట్టారు. చదువుకోసం ఇంగ్లండు, కెనడా దేశాలు వెళ్ళినప్పుడు క్రీస్తును తెలుసుకొని, 1932లో వాంకూవరులో బాప్తిస్మం పొంది, మరుసటి సంవత్సరం స్వదేశానికి వచ్చారు. ఇంటివారు ఆయన విశ్వాసాన్ని అంగీకరించలేదు. దేశమంతా వాక్యం ప్రకటించి, హైదరాబాదులో హెబ్రోను అనే ప్రార్థనా మందిరాన్ని కేంద్రంగా చేసుకున్నారు. పరిశుద్ధ కూటములకు వేలాదిగా జనం వచ్చేవారు. అలాంటి దైవజనుడు చివరి సంవత్సరాల్లో పార్కిన్సన్ వ్యాధితో మంచానికే పరిమితమయ్యారు. 2000 సెప్టెంబరు 17న ప్రభువు సన్నిధికి వెళ్ళారు. నారాయణగూడ క్రైస్తవ సమాధుల తోటలో ఆయన దేహం ఉంది.

వేలమందికి వాక్యం అందించిన నోరు సంవత్సరాల తరబడి దాదాపు మౌనంగా ఉండడం మనకు కష్టంగా అనిపిస్తుంది. అయితే మరణానికి సిద్ధపడడమంటే పని చేయలేని రోజులకు కూడా సిద్ధపడడమే. మన విలువ మన పనిలో ఉందనుకుంటే, మంచం పట్టిన రోజున విశ్వాసం కూడా మంచం పడుతుంది. మన విలువ క్రీస్తు మన కోసం చేసిన పనిలో ఉంటే, చేతులు వణికినా అది వణకదు.

హెబ్రోను అనే పేరులో కూడా ఒక పాఠముంది. ఆదికాండము 23లో శారా చనిపోయినప్పుడు అబ్రాహాము హెబ్రోనులో హేతు కుమారుల ముందు నిలబడి, తాను పరదేశినని ఒప్పుకొని, నాలుగు వందల తులముల వెండి తూచి మక్పేలా గుహను, దాని పొలాన్ని కొన్నాడు. దేశమంతా ఇస్తానని దేవుడు వాగ్దానం చేసినవాడు, ఆ దేశంలో వెల ఇచ్చి కొన్న భూమి ఒక సమాధి స్థలం. అబ్రాహాముకు అది ముగింపు కాదు, వాగ్దానపు భూమిలో పెట్టిన సంచకారం. విశ్వాసి సమాధి కూడా అంతే. పునరుత్థానం రోజు వరకు ఉన్న మజిలీ.

ప్రియులారా, ఈ చరిత్రలన్నీ చదివి మనం ఇంటిలో ఏం చేయాలి? నాలుగు సంగతులు చెబుతాము.

ఒకటి, దేవునితో సమాధానపడడం. ఇది మొదటిది, ఇది లేకుండా మిగతావన్నీ వ్యర్థం. సిలువ మీద ఒక దొంగ ఆఖరి ఘడియలో ప్రభువును వేడుకొని పరదైసు పొందాడు. కనుక ఎంత ఆలస్యమైనా రావచ్చు. అయితే అదే ఆఖరి ఘడియ, అదే ప్రభువు, అంతే దూరంలో మరొక దొంగకు కూడా ఉన్నాయి. వాయిదా వేసుకుంటూ బ్రతికిన హృదయం ఆఖరి ఘడియలోనూ వాయిదానే కోరుకోవచ్చు.

రెండు, మనుషులతో సమాధానపడడం. ఒక పక్క సమాధి తవ్వుతుండగా ఇంకో పక్క అన్నదమ్ములు పొలం గట్టు గురించి తగవులాడుకోవడం పల్లెల్లో మేము చూస్తూనే ఉన్నాము. చనిపోయినవాని చేతితో ఎవరినీ క్షమించలేము. సూర్యుడు అస్తమించకముందే కోపం విడవాలని ఎఫెసీయులకు 4:26 చెబుతుంది. ప్రతి సాయంత్రం ఆ లెక్క ముగించుకుంటే ఆఖరి సాయంత్రానికి వేరే లెక్క మిగలదు.

మూడు, ఇల్లు చక్కబెట్టుకోవడం. హిజ్కియా రాజుకు యెషయా ద్వారా దేవుడు ఈ ఆజ్ఞే పంపాడు (యెషయా 38:1). ఎవరికి ఎంత బాకీ, పట్టా కాగితాలు ఎక్కడున్నాయి, భార్యకు ఏ ఆధారం, ఆడపిల్లల వాటా ఏమిటి, ఇవి రాసి పెట్టండి. వీలునామా రాస్తే ఆయుష్షు తగ్గదు. మీరు లేని ఇంటిలో మీ సాక్ష్యం చెడకుండా అది కాపాడుతుంది.

నాలుగు, మరణం గురించి ఇంటిలో విశ్వాసంతో మాట్లాడడం. నవంబరు 2న సమాధుల పండుగకు సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాము. ఈస్టరు తెల్లవారుజామున అక్కడే పునరుత్థాన గీతాలు పాడుతాము. పిల్లలను వెంట తీసుకువెళ్ళండి. తాత ఎక్కడున్నాడని వారడిగితే మాట తప్పించకండి, మన నిరీక్షణ చెప్పండి. దుఃఖించవద్దని వాక్యం అనలేదు, నిరీక్షణ లేనివారివలె దుఃఖించవద్దని 1 థెస్సలొనీకయులకు 4:13 బోధిస్తుంది. ఇలా మాట్లాడుకునే ఇంటిలో, రోగి మంచం దగ్గర మాటలు దాచవలసిన పని ఉండదు. పాస్టరును గుమ్మం దగ్గర ఆపవలసిన పనీ ఉండదు.

ఈసారి శ్రీశైలం రోడ్డు మీద బార్కస్ పేరు కనబడితే ఆ మాటకున్న అర్థం గుర్తు తెచ్చుకోండి. మనకు బస ఉంది, కొలువు ఉంది, రాజు ఉన్నాడు. వెళ్ళవలసిన ఇల్లు ఆయనే సిద్ధపరచి ఉంచాడు (యోహాను 14:2-3).

ప్రార్థన: పరలోకపు తండ్రీ, మా దినములు లెక్కించుకొనే జ్ఞానము మాకు దయచేయుము. మేము బసలో ఉన్నామని మరచి, ఇదే ఇల్లని కట్టుకున్న దినములను క్షమించుము. మంచము మీదనున్న నీ బిడ్డలకు నీ సన్నిధి తోడుగా ఉంచుము. వారి ఇంటివారి భయము తీసివేయుము. పిలుపు వచ్చిన దినమున సంతోషముతో లేచి వచ్చునట్లు ప్రతి దినము మమ్మును సిద్ధపరచుము. మరణమును జయించిన యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.